గంపలో లేనిది

వెల్డరు అన్నయ్య వంగి మావయ్య మోచేతి కింద నుంచి దూరాడో లేదో, గోడవార బల్ల మీద కూర్చున్న ఆమె ఆ పట్టును గుర్తుపట్టింది. అది తనది. తలుపు గడియకు తువ్వాలు కట్టి, దాన్నే మావయ్య చెయ్యి అనుకుని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాని కింద నుంచి దూరి, వెనక్కి తిరిగి, మెడ మీద చెయ్యి వేసి లాగుతూ నెలల తరబడి సాధన చేసిన పట్టు. తువ్వాలుకు తప్ప ఎవరికీ తెలియదే, మరి ఈ అన్నయ్యకెలా తట్టింది, అని ఆమె నోరు తెరుచుకుని చూస్తుండగానే, మావయ్య ఇంకా చాప మీద పడకముందే, గాలిలో సగం వాలి ఉండగానే, "ఉంది!" అని కేకేశాడు. కేకేసి, పడవలసిన పాటికి పడి, లేచి చొక్కా దులుపుకుని, "మా నాన్న చేసేవాడయ్యా. ఆయన ఎడమ పక్క నుంచి దూరేవాడు, అంతే తేడా. వచ్చే ఏడు రా," అన్నాడు. వెల్డరు అన్నయ్య నమస్కారం పెట్టి వచ్చి ఆమె పక్కన కూలబడి, "రెండు చోట్ల చర్మం లేచిందమ్మా ఈ పట్టు కోసం," అని మోచేతులు చూపించాడు. ఆమె అయ్యో అంది. అన్నది అతని మోచేతుల గురించో, తన తువ్వాలు గురించో ఆమెకే తెలియలేదు.

లోకంలో ఎక్కడైనా ఉంది అంటే సంతోషం, లేదు అంటే దిగులు. ఈ హాల్లో తలకిందులు. ఇక్కడ ఎవరైనా గురువు కావాలంటే గంపలో, అంటే ఇక్కడి ఎత్తుల లెక్కలో, కొత్తది ఒకటి వెయ్యాలి. ఇంతవరకూ ఎవరూ వెయ్యనిది, తన బతుకులో నుంచి తెచ్చుకున్నది, మావయ్యను పడగొట్టేది. ఆయన చాప మీద పడేలోగా ఆ ఎత్తు ఫలానాది అని గుర్తుపట్టి ఉంది అన్నాడా, మూట సర్దుకుని ఇంటికి పోవాలి. పడ్డాక కూడా గుర్తుపట్టలేక లేదు అన్నాడా, ఆ రోజు నుంచి గురువు. ఆ మాట కోసం మనుషులు ఏళ్ళ తరబడి పడిగాపులు పడ్డారు. కిందటేడు ఆమె కూడా ఒకటి తెచ్చింది, మడమ మీద తిరిగి తుంటి తగిలించేది, ఎంతో మురిపెంగా. "ఉంది. మీ అత్తయ్యది," అన్నాడు మావయ్య, పడను కూడా పడకుండా. అప్పుడు పెద్దగా బాధపడలేదు. అప్పుడు పొద్దుటి ఆడవాళ్ళ తరగతి చెప్పడానికి వదిన ఉంది. ఇప్పుడు మావయ్య కూతురైన ఆ వదిన ఏడో నెల పొట్టతో కుర్చీలో కూర్చుని, విసనకర్రలా అట్టముక్క ఊపుకుంటూ, ఇటే చూసి కళ్ళెగరేస్తోంది. "ఏం మరదలా, మొహం అలా పాలిపోయింది? మిగతా గురువులకు పొద్దున్నే వాళ్ళ పనులాయె. నువ్వు నెగ్గితే తరగతి, లేకపోతే తాళం. నేనైతే ఇంక పడలేను తల్లీ, ఇప్పుడు పడితే ఇద్దరం పడతాం." ఆమె నవ్వింది. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. తాళం. పొద్దున్నే చెప్పులు గుమ్మం బయట వరసగా విడిచి వచ్చే ఆ ఆడవాళ్ళు, రాత్రి డ్యూటీ దిగి కళ్ళు నలుపుకుంటూ నేరుగా వచ్చే నర్సు, మేడల అద్దాలు తుడిచే ఆవిడ, ఇంట్లో నడకకి వెళ్తున్నానని చెప్పి వచ్చే మందుల షాపు అక్కచెల్లెళ్ళు, వీళ్ళందరూ తాళం చూసి వెనక్కి తిరిగి వెళ్ళడం. వాళ్ళు పడటం నేర్చుకున్న రోజున ఎలా నవ్వారో. పెద్దవాళ్ళు అలా నవ్వగా ఆమె అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

కింద టైర్ల షాపులో గాలి మిషను దడదడమని మొదలైంది. చాపల అంచులు సన్నగా వణికాయి. రబ్బరు వాసన మెట్లెక్కి వచ్చింది, దానితో పాటే చిన్నప్పుడు మొదటిసారి ఈ మెట్లెక్కినప్పటి వాసనా వచ్చింది. అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. అన్నయ్యా, దీనికి బొత్తిగా నోట్లో నాలుక లేదు, నీ దగ్గర ఉంచుకో అంది అమ్మ. నోట్లో నాలుక లేకపోతే పోనీ, కాళ్ళున్నాయిగా అన్నాడు మావయ్య. ఆమె ఆయన్ని మావయ్యా అని పిలిచింది, ఆయన మేనమామే కాబట్టి. అది విని పక్కనున్న పిల్లలూ మావయ్యా అన్నారు, తర్వాత వాళ్ళ తల్లులు, తర్వాత ఆయన కన్నా పదేళ్ళు పెద్దవాడైన టైర్ల పెద్దాయన. ఇప్పుడు బిల్లు తెచ్చే కరెంటు మనిషికి కూడా ఆయన మావయ్యే. నేను ఊరందరికీ పెట్టిన చుట్టరికం, అనుకుంటే ఇవాళ్టికీ ఆమెకు నవ్వొస్తుంది.

ఆయనకి ఈ విద్య ఎక్కడిదంటే, తన్ని తరిమేసిన రెండు చోట్ల నుంచి తెచ్చుకున్నది. వాళ్ళ నాన్న, అంటే ఆమెకు తాత, కుస్తీ పట్టేవాడు. కొడుకు నడక రాకముందే గోదాలో మట్టి తిన్నాడు. కుర్రతనంలో మిల్లులో పనికి కుదిరితే అక్కడ బాక్సింగ్ జట్టు ఉంది. ఈయన భుజాలు చూసి, రావయ్యా బాబూ అని చేతులకు గ్లవ్స్ తొడిగేశారు. మొదటి పోటీ. ఎదుటివాడు ముక్కు మీద ఒక్కటిచ్చాడు. కళ్ళలో నీళ్ళు. ఆ నీళ్ళలో ఆయనకు రింగు కనిపించలేదు, గోదా కనిపించింది. చేతులు వాటంతట అవే తెరుచుకుని ఆ మనిషిని కావలించుకుని, నడుం దగ్గర పైకి లేపి, తాళ్ళ మీద తడిగుడ్డలా ఆరేశాయి. రిఫరీ నోట్లోంచి ఈల జారిపోయింది. మేనేజరు రింగులోకి ఎక్కి, "ఇది బాక్సింగా, పెళ్ళా? ఆ కౌగిలింతలేమిట్రా?" అని మెడ పట్టి దింపేశాడట. సరే, మన చోటు మనదేనని మళ్ళీ కుస్తీకి పోయాడు. పోతే ఏమైంది, ఈలోగా పిడికిలికి రుచి తగిలింది. పెద్ద పోటీలో ఒకడు మెడ మీద బొటనవేలితో నొక్కుతుంటే ఎడమ చెయ్యి చెప్పా పెట్టకుండా వెళ్ళి వాడి దవడ మీద వాలింది. వాడు హాయిగా పడుకున్నాడు. ఈసారి తరిమింది పరాయివాళ్ళు కాదు, సొంత తండ్రి, భుజం మీది కండువా తీసి చెళ్ళున కొట్టుకుంటూ గోదా బయటి దాకా. మావయ్య ఈ కథ చెప్పినప్పుడల్లా ఒకటే అంటాడు. "రెండు చోట్లా నేను చేసింది తప్పు పనేనమ్మా. కానీ ఎంత బాగా చేశానో చూడు!"

అలా మొహం గంటు పెట్టుకుని ఇంటికి పోతూ బస్సెక్కాడు. అసలు కథ అక్కడుంది. అత్తయ్య ఆ బస్సు కండక్టరు. రెండు చేతుల్లోనూ టికెట్లు, దేన్నీ పట్టుకోకుండా, నడిచే బస్సులో నడుస్తూ, కమ్మీ పట్టుకోండి పడతారు అందట. తండ్రి చేత దెబ్బలు తిన్న మనిషికి ఒళ్ళు మండదూ? "నన్ను పడేసే మనిషి ఇంకా పుట్టలేదు," అన్నాడు. అంతలో డ్రైవరు బ్రేకు వేశాడు. ఈయన వెళ్ళి ముందు సీట్లో ఎవరి సంచి మీదో బోర్లా పడ్డాడు. అత్తయ్య ఉన్నచోటే ఉంది, టికెట్టు చింపుతూ. "మనిషి పుట్టకపోతేనేం, బ్రేకు పుట్టిందిగా," అందట. ఆ రోజు నుంచి ఆయన పనీ పాటా మానుకుని అదే బస్సులో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ ఆమె పాదాలు చూశాడు. మడమలు ఎప్పుడు తేలుతున్నాయి, మోకాలు ఎప్పుడు మెత్తబడుతోంది, మలుపు రాకముందే మలుపు వస్తుందని ఆ వేళ్ళకెలా తెలుస్తోంది. "ఆడవాళ్ళ మొహం చూసేవాళ్ళని చూశాను కానీ, వారమంతా కాళ్ళు చూసి పెళ్ళి చేసుకుంటానన్నవాడు ఇతనొక్కడే," అంటుంది అత్తయ్య ఇప్పటికీ, మురిపెం దాచుకోలేక మొహం పక్కకు తిప్పుకుని. కుస్తీ చేతులు, బాక్సింగ్ పిడికిలి, బస్సు కాళ్ళు. ఆ కాళ్ళ మీద నిలబడటాన్ని ఈ హాల్లో కండక్టరు నిలువు అంటారు, వచ్చినవాళ్ళకి మొదటి నెలంతా అదే. పాత గోదా స్నేహితుడొకడు చూడటానికి వచ్చి, ఇదేం విద్యరా కలగూరగంపా అని పొట్ట పట్టుకుని నవ్వితే, మావయ్య మర్నాడే పెయింటరును పిలిచి ఆ మాటే బోర్డు మీద రాయించాడు. రాను రాను గంప మిగిలింది. గంపన్నాక రోజూ ఏదో ఒకటి పడాలి, నిండిపోయిందన్నవాడికి ఇక్కడ పని లేదు, అంటాడు. మంగలి ఒకాయన గడ్డం కింద వేలు ఆనించి తల తిప్పడం వేశాడు, తల ఎటు తిరిగితే ఒళ్ళూ అటే. టైర్ల పెద్దాయన మోకాలిని గడ్డపారలా దూర్చి లేపడం వేశాడు. వదిన ఏం వేసిందంటే, ఎదుటివాడు గట్టిగా లాగినప్పుడు ఎదురు లాగకుండా అతని మీదికే ఇంకాస్త తొందరగా వెళ్ళిపోవడం. అందులో ఏముందే అని అందరూ అంటుండగానే మావయ్య వెనక్కి పడ్డాడు.

మరి నేను? నా బతుకులో ఏముంది వెయ్యడానికి? గడ్డపార లేదు, మంగలి కత్తి లేదు. పగలంతా ఊళ్ళోవాళ్ళ పసిపిల్లల్ని చూసుకునే గదిలో పని. ముక్కులు తుడవడం, గుండీలు పెట్టడం, ఒకరు కొరికిన చోట ఇంకొకరికి మందు రాయడం. అక్కడ ఒంటికి అలవాటయ్యింది మెల్లగా ఉండటం. తలుపు చప్పుడైతే పదిమంది లేస్తారు. అందుకే అడుగులో అడుగేస్తుంది, అందుకే ఇక్కడ అందరూ ఆమెను పిల్లి అంటారు. పిల్లికి గొంతు లేదు, ఇలాంటిది తరగతి ఎలా చెబుతుంది, అని వెనకాల అనుకుంటారని కూడా ఆమెకు తెలుసు. వినపడింది. వినడం ఒక్కటే కదా నాకు వచ్చింది. వినడం, చూడటం. మావయ్య కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు నొప్పెడుతుంది, ఎక్కేటప్పుడు కాదు, అది ఆయన ఎవరికీ చెప్పలేదు, ఆమె చూసింది. కానీ నొప్పెట్టే మోకాలి మీద ఎత్తు వేసి గురువునవుతానా, ఛీ. కిటికీ ఊచల నీడ చాప మీద నిలువుగా పడింది. ఆ నీడలు ఎంత నెమ్మదిగా జరుగుతున్నాయో. ఆఖరి నీడ ఆ చాప కుట్టు దగ్గరికి వచ్చేలోగా ఏదైనా తట్టకపోతుందా అని పందెం కట్టుకుంది. తట్టలేదు. విచిత్రంగా భయం కూడా తగ్గుముఖం పట్టింది. చేతిలో ఏమీ లేనప్పుడు చేతులు ఎంత తేలిక! పరీక్షకు తువ్వాలు మోసుకొచ్చినట్టు ఇన్నాళ్ళూ ఆ పట్టుని మోసుకు తిరిగింది. ఇప్పుడది పోయింది. అరచేతులు తెరిచి చూసుకుంది. వెల్డరు అన్నయ్య కూడా ఆ అరచేతుల్లోకి తొంగి చూశాడు, ఏముందా అని.

"పిల్లీ!" అని పిలిచాడు మావయ్య.

లేచింది. చాప చల్లగా ఉంది, ఎండ పడినచోట వెచ్చగా. చల్లన, వెచ్చన, చల్లన, అని కాలికి తెలుస్తుండగా మధ్యకు నడిచి నమస్కారం పెట్టింది. మావయ్య తల ఊపాడు. ఆ నెరిసిన కనుబొమల కింద కళ్ళు తిరునాళ్ళకు వచ్చిన పిల్లాడి కళ్ళలా మెరుస్తున్నాయి. ఏం తెచ్చావే అన్నట్టు. ఆయనకు ఇది పరీక్ష కాదు, ఆట. ఇంతకాలం తనకది ఎందుకు కనపడలేదు? ఏమీ తేలేదు మావయ్యా, అందామనుకుంది. అనేలోపే ఆయన రానే వచ్చాడు. పిడికిలి ఎగరేసి కంటి ముందు ఆడించి, ఆమె చూపు అటు పోగానే రెండు చేతులూ చంకల కింద దూర్చి, ఛాతీ చుట్టూ బిగించి, పైకి లేపేశాడు. తండ్రి నేర్పిన పట్టు. తాళ్ళ మీద బాక్సరును ఆరేసిన పట్టు. దీనిలోంచి బయటపడినవాడు ఈ హాల్లో లేడు. పాదాలు చాపను వదిలేశాయి. ఫ్యాను దగ్గరగా వచ్చింది. మావయ్య రాసుకునే నొప్పుల నూనె వాసన. ఇప్పుడు తీసుకెళ్ళి చాప అంచు దాటించి దింపుతాడు, ఆట అయిపోతుంది, తాళం పడుతుంది, నర్సు వెనక్కి పోతుంది. పోను. నేను రాను. నాకు రావాలని లేదు. ఆ లేకపోవడం ఒళ్ళంతా పాకింది. కోపం కాదు, బలం కాదు, మొండితనం, శుద్ధ మొండితనం. చేతులు రెండూ నిటారుగా నెత్తి మీదికి లేచిపోయాయి, భుజాలు చెవుల దగ్గరికి ముడుచుకుపోయాయి, ఎముకలు ఎటుపోయాయో పోయాయి, ఆమె నీళ్ళలా ఆయన చేతుల్లోంచి జారింది. ఆయన బిగించేకొద్దీ ఇంకా జారింది. చొక్కా అంచు గడ్డం దాకా వచ్చి ఆగింది. లోపల బిగుతు బనీను ఉంది కాబట్టి పరువు దక్కింది. చతికిలబడింది. కూర్చున్నది చాప మీద కాదు, ఆయన ఎడమ పాదం మీద. నొప్పిలేని కాలు. రెండు చేతులతో పిక్కను, రెండు కాళ్ళతో మడమను చుట్టేసి, చెంప మోకాలికి ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఉం..." అన్నాడు మావయ్య, ఆగిపోయాడు. "వదులు."

"వదలను."

కాలు ఎత్తబోయాడు, కాలితో పాటు ఆమె లేవాలి, లేవదు. కండక్టరు నిలువుకు పాదాలు రెండూ స్వేచ్ఛగా ఉండాలి. మలుపు ఒక పాదానికి తెలిసింది కానీ రెండో పాదం కదలదు. ఆయన చేతులు గాలిలో గుండ్రంగా తిరిగాయి, ఒకసారి, ఇంకోసారి, ఎవరి బస్సో పట్టుకోబోతున్నవాడిలా. ఆ పైన నిదానంగా, చాలా నిదానంగా, మావయ్య వెల్లకిలా చాప మీదికి వెళ్ళిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు ఇదెక్కడిదో. పొద్దున్నేగా, రెండున్నరేళ్ళ చిన్నది, ఉయ్యాల దిగనని, ఎత్తుకోబోతే చేతులు పైకెత్తేసి జారిపోయి కాలు పట్టుకుంది. నిన్న ఇంకొకడు. మొన్న ఇద్దరు కలిసి, చెరో కాలు. ఇన్నేళ్ళుగా రోజూ తను వాళ్ళ చేతిలో ఓడిపోతూనే ఉంది, రోజూ నవ్వుతూనే ఉంది, ఓడిపోతూ నేర్చుకుంటున్నానని మాత్రం తెలియలేదు.

గాలి మిషను ఆగిపోయింది. మావయ్య ఫ్యానును చూస్తూ పడుకుని ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి. గంపలో వెతుకుతున్నాడు, అడుగు దాకా. నాన్న, కాదు. మిల్లు, కాదు. బస్సు, కాదు. ఆమె ఇంకా కాలు వదల్లేదు, వదిలితే ఉంది అంటాడేమోనని. గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రెండడుగులు లోపలికి వేసింది. "ఏమిటంత వెతుకులాట? లేదని చెప్పు."

"ఆగవే, చూడనీ."

"ఆయనకెక్కడ దొరుకుతుందమ్మా," అంది వదిన కుర్చీలోంచి, కడుపు పట్టుకుని నవ్వుతూ. "చిన్నప్పుడు నేను రోజూ చేసేదాన్ని ఇది, స్నానానికి రమ్మంటే!"

"నాతో చేసేదానివి," అంది అత్తయ్య. "అప్పుడు మీ నాన్న పొద్దున్నా ఇక్కడే, సాయంత్రమూ ఇక్కడే. ఇంటికొచ్చేసరికి నువ్వు నిద్రపోయేదానివి."

మావయ్య తల తిప్పి కూతురి వైపు చూశాడు. ఆ తర్వాత ఆయన మొహం మొత్తం వెడల్పయింది. "లేదు," అన్నాడు, మెల్లగా. మళ్ళీ కింద టైర్ల పెద్దాయనకు వినపడేలా, "లేదర్రా! గంపలో ఇది లేదు! ఇంతకాలం నేను ఏ బడి ఎగ్గొట్టానో ఇప్పుడు తెలిసింది!" అని, లేచి కూర్చోబోయి, "ఒసేయ్, ఇంక వదలవే కాలు," అన్నాడు. వెల్డరు అన్నయ్య ఈల వేశాడు. వదిన, "పుట్టబోయేదాన్ని నీకే అప్పగిస్తాను నాన్నా, అన్నీ నేర్పుతుంది," అంది. "ఇవ్వు, ఇవ్వు. పొద్దునా సాయంత్రం నాకే ఇవ్వు. హాలు చూసుకునే మనిషి దొరికిందిగా," అన్నాడాయన.

ఆమె లేచి నిలబడింది. అయిపోలేదు. వేసినదాన్ని వేసినవాళ్ళే అక్కడికక్కడ అందరికీ నేర్పాలి, అది ఇక్కడి పద్ధతి. అప్పుడే కొత్తది గంపలో పడ్డట్టు. బల్లల మీదివాళ్ళు లేచి వచ్చి జంటలుగా నిలబడ్డారు. టైర్ల పెద్దాయన చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చి వరసలో చేరాడు. అత్తయ్య కొంగు దోపుకుని మావయ్య ఎదుట నిలబడింది. ఇంతమంది కళ్ళు ఆమె మీద. పదిమంది పసిపిల్లలు నిద్రపోతున్న గదిలో కాదు నేను, అనుకుంది. ఇక్కడ ఎవరూ నిద్రలేవరు, లేచినా ఫరవాలేదు.

"ఎత్తేవాళ్ళు ఎత్తండి," అంది. వెనక వరసకు వినపడలేదు. మళ్ళీ అంది, ఈసారి గోడకు తగిలి తన గొంతు తనకే తిరిగొచ్చింది. ఎంత బాగుందో, ఎవరిదో అనుకుంది. "రెండోవాళ్ళు చేతులు పైకి! భుజాలు ముడవండి. ఇప్పుడు, రానని అనుకోండి. పైకి కాదు, లోపల." హాలంతా ఒక్కసారి జారింది. వెల్డరు అన్నయ్య మంగలి చేతుల్లోంచి జారలేక వేలాడుతున్నాడు, ఎర్రబడిన మొహంతో, పళ్ళు బిగించి. టైర్ల పెద్దాయన దభీమని కూలబడి ఎవరి కాలు దొరికితే ఆ కాలు పట్టుకుని పకపకా నవ్వుతున్నాడు. మావయ్య అత్తయ్యను ఎత్తడం మరిచిపోయి చూస్తున్నాడు. ఆమె వరసల మధ్యకు వెళ్ళింది, ఒకరి భుజం నొక్కుతూ, ఒకరి మోచెయ్యి సరిచేస్తూ, అడుగులు చప్పుడవుతుంటే అవనిస్తూ.

"బిగించొద్దు అన్నయ్యా," అంది వెల్డరు దగ్గర ఆగి, అందరికీ వినపడేలా. "వదిలెయ్యి. ఇంకా బరువుగా. ఇంకా."